నొప్పికి పల్లకీ మోసేవారు

పోయిన నెల ఒక సాహిత్య సభలో నేనొక కథ విన్నాను. ఆ కథమీద ఒక ఉపన్యాసం విన్నాను. చివర అందరితోపాటు చప్పట్లు కూడా కొట్టాను. ఆ చప్పట్లను వెనక్కు తీసుకోవడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

కథకుని పేరు చెప్పను. అతడు మనవాడే, మంచి కథలు రాసినవాడే. రేపు మళ్ళీ రాస్తాడన్న నమ్మకం నాకున్నది. కథ ఇది: ఒక రిటైరయిన ప్రధానోపాధ్యాయుడు క్యాన్సర్ ముదిరి మంచం పట్టాడు. డాక్టరు నొప్పి తగ్గే మందు ఇస్తానంటాడు. మాస్టారు వద్దంటాడు. స్పృహతో బతికినవాణ్ణి, స్పృహతోనే పోతానంటాడు. ఇక రాత్రంతా నొప్పి అలలు అలలుగా వస్తూంటే తాను పాల్గొన్న ఉద్యమాలను, చేసిన తప్పులను, ప్రేమించి చెప్పలేకపోయిన మనిషిని తలచుకుంటాడు. తెల్లవారుజామున కిటికీలోంచి ఎర్రని వెలుగు మొహంమీద పడుతుండగా కన్ను మూస్తాడు. వెలుగు ఎర్రగా ఉన్నది గనుక అది అభ్యుదయ కథ అయింది.

తరువాత మాట్లాడిన మిత్రుడు, విమర్శకుడుగా పేరున్నవాడు, ఈ కథలో నొప్పి మనిషికి చివరి గురువుగా నిలిచిందనీ, మందుల వ్యాపారం మనిషి దగ్గరనుంచి చివరికి అతని బాధను కూడా దోచుకోజూస్తుంటే మాస్టారు దానిని తిరస్కరించాడనీ, ఇది వినియోగదారీ సమాజంమీద తిరుగుబాటు అనీ అన్నాడు. సభ మురిసిపోయింది. నేనూ చప్పట్లు కొట్టాను. మన సభలలో చప్పట్లకొక అలవాటున్నది. "తిరుగుబాటు" అన్న మాట వినపడగానే చేతులు వాటంతటవే లేస్తాయి. బస్సెక్కి ఇంటికి వస్తూండగా మా మేనత్త గుర్తుకు వచ్చింది.

మా అత్త పలాసలో జీడిపప్పు కార్ఖానాలో గింజలు కొట్టే కూలి. జీడి తొక్కలో ఉండే రసం తగిలి వేళ్ళు నల్లబడి, చర్మం లేచిపోయి ఉండేవి. పదిహేనో ఏటినుంచీ అడ్డపొగ కాల్చేది. ఉత్తరాంధ్ర తెలియనివారికి చెప్పాలి: అడ్డపొగ అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల తీరంలో ఆడవాళ్ళకు ఇది తరతరాల అలవాటు. గాలికి నిప్పు ఆరిపోదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, చేతులు పనిమీద ఉంటాయి. ఆ వేడికీ పొగకూ అంగిలి తెల్లబారి, పగిలి, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుందని వైద్యులు అరవై ఏళ్ళ క్రితమే ఈ తీరంలోని పల్లెలు తిరిగి పరిశోధించి చెప్పారు. పరిశోధన ప్రపంచమంతా చదివింది. చుట్ట మాత్రం ఆరలేదు.

2019 ఎండాకాలంలో అత్త అంగిలిలో పుండు పడింది. ఆసుపత్రికి చేరేసరికి అది దవడలోకి పోయింది. కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్. కొంత తగ్గి, మళ్ళీ రెట్టింపుగా లేచింది. ఆరు నెలలు తిరిగాక చెంపకు చిల్లు పడింది. ఆనాడు పెద్ద ఊరి ఆసుపత్రిలో ఒక డాక్టరు, దుర్మార్గుడు కాడు, అలసిపోయినవాడు, మా బావను పక్కకు పిలిచి, "ఇక మేం చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపోండి" అన్నాడు. డిశ్చార్జి కాగితంమీద పారాసిటమాల్ రాసిచ్చాడు. నోట్లోంచి చెంపదాకా ఎముకను తొలుచుకుపోయిన పుండుకు జ్వరం మాత్ర!

"చేసేదేమీ లేదు" అన్న వాక్యాన్ని మనం కవిత్వంలో ఎక్కడ కనిపించినా చీల్చి చెండాడేవాళ్ళం. దీనిలో భావవాదం ఉన్నది, నిరాశావాదం ఉన్నది, అన్నిటికన్నా మించి శుద్ధ అబద్ధం ఉన్నది. కాని ఆసుపత్రి గుమ్మంలో ఆ వాక్యం విన్నప్పుడు, ఎం.ఏ. చదివి పిల్లలకు అలంకారశాస్త్రం చెప్పే నేను తల వంచుకుని "సరేనండి" అన్నాను.

ఆ తరువాత పదకొండు రాత్రులు ఆమె అరిచింది. నోరు తెరుచుకోదు గనుక అది అరుపు కూడా కాదు, గొంతులోంచి వచ్చే ఒక మూలుగు. వీధి చివరిదాకా వినిపించేది. పుండు కుళ్ళువాసన ఇల్లంతా నిండింది. ఈగలు వాలాయి, పురుగు పడింది. కోడలు అన్నం తినలేక పుట్టింటికి పోయింది. ఆమెను నేను తప్పుపట్టను. ఇరుగుపొరుగు గడపదాకా వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి పోయేవారు. ఒక పెద్దాయన, నాలుగు పురాణాలు చదివినవాడు, "రాచపుండు కదా, కర్మ అనుభవించాలి, తీరిపోతే మంచిదే" అన్నాడు. అత్త ఆ మాట విన్నది. ఆ రాత్రి నా చేయి పట్టుకుని, మాట పూర్తిగా రాక, "నానేటి పాపం సేసినాన్రా బావూ" అన్నది. ఇదీ నొప్పి ఆమెకు నేర్పిన పాఠం. గురువుగారు వచ్చి చెప్పిన పాఠం ఇదొక్కటే.

ఇప్పుడు మన మిత్రుని ఉపన్యాసాన్నీ ఆ పెద్దాయన మాటనూ పక్కపక్కన పెట్టి చూడండి. పూర్వజన్మలో చేసిన పాపం రోగమై పీడిస్తుందని చెప్పే శ్లోకాన్ని మనం అర్ధశతాబ్దం పైగా ఖండిస్తూ వచ్చాం. ఖండించి, దాని స్థానంలో ఏమి పెట్టాం? నొప్పి పాపాన్ని కడుగుతుందని అతడంటాడు. నొప్పి చైతన్యాన్ని పదును పెడుతుందని మనవాడంటాడు. ఇద్దరికీ నొప్పిలో ఒక అర్థం కావాలి. ఇద్దరికీ అది వేరేవాడి ఒంట్లో ఉన్న నొప్పి. పల్లకీ రంగు మారింది గాని ఎక్కించింది ఆ దేవతనే.

మన సినిమాలు ఈ విషయంలో చాలాకాలం మనకు గురువులు. 1981లో వచ్చిన "ప్రేమాభిషేకం"లో నాయకునికి క్యాన్సర్ వస్తుంది. అది ప్రేమను త్యాగం చేయడానికి కావలసిన కారణం. 1993లో వచ్చిన "మాతృదేవోభవ"లో తల్లికి క్యాన్సర్ వస్తుంది. అది పిల్లలను ఒక్కొక్కరినీ పంచిపెట్టడానికి కావలసిన కారణం. తెలుగుదేశమంతా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. నటుల పనితనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని తెరమీది రోగి దగ్గుతాడు, నెత్తురు కక్కుతాడు, పాడతాడు; వాసన రాడు. మలబద్ధకంతో మూడురోజులు గిలగిల్లాడడు. మందు కోసం కాళ్ళు పట్టుకోడు. ఆ సినిమాలు చూసి పెరిగిన జనానికి క్యాన్సర్ నొప్పి అనేది కథలో తప్పనిసరి ఘట్టమే గాని, తగ్గించగలిగిన వస్తువని తోచే అవకాశమే లేదు.

మన పాపం ఇంకొకటున్నది. అవినీతి క్యాన్సర్, కులం క్యాన్సర్, పెట్టుబడి క్యాన్సర్ అని మనం ఎన్ని కవితలు రాశామో లెక్కపెట్టుకోండి. సుసాన్ సాంటాగ్ అనే అమెరికన్ రచయిత్రి తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చి చికిత్స పొందిన అనుభవం తరువాత 1978లో ఒక చిన్న పుస్తకమే రాసింది. రోగాన్ని ఉపమానం చేసినప్పుడల్లా ఆ దెబ్బ రోగికి తగులుతుందని ఆమె వాదన. నేనా పుస్తకం ఎం.ఏ.లోనే చదివాను. చదివి ఒక సెమినారు పత్రం కూడా సమర్పించాను. అయినా మా కాలేజీ పత్రికలో "సమాజపు రాచపుండు" అని సంపాదకీయం రాశాను. అత్త మంచంపక్కన కూర్చున్నప్పుడు ఆ శీర్షిక గుర్తుకు వచ్చి సిగ్గుతో చచ్చాను.

ఇక అసలు సంగతికి వద్దాం. ఆ పదకొండు రాత్రులు అవసరమా?

అవసరం లేదు. ఇది నా ఆవేశం కాదు, వైద్యశాస్త్రం. నల్లమందులోంచి మార్ఫిన్‌ను పంతొమ్మిదో శతాబ్ది తొలి సంవత్సరాలలో సెర్ట్యూర్నర్ అనే జర్మన్ యువకుడు, మందుల దుకాణంలో పనిచేసేవాడు, వేరుచేశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో అత్యవసర మందుల మొదటి జాబితా తయారుచేసినప్పుడే మార్ఫిన్ అందులో ఉన్నది. లండనులో సిసిలీ సాండర్స్ అనే ఆమె, మొదట నర్సు, తరువాత ఆసుపత్రి సంఘసేవిక, ఆ తరువాత డాక్టరు, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించింది. నొప్పి వచ్చి రోగి బతిమాలుకునేదాకా ఆగి మందివ్వడం తప్పనీ, గడియారం చూసి, నొప్పి రాకముందే ఇస్తూ పోతే తక్కువ మందుతోనే రోగి మేలుకుని మాట్లాడుతూ ఉంటాడనీ ఆమె రోగులను చూపించి నిరూపించింది. ఒంటినొప్పి, మనసు నొప్పి, ఇల్లు గడవని నొప్పి, బతుకుకు అర్థమేమిటన్న నొప్పి అన్నీ కలిసి ఒకే నొప్పిగా ఉంటాయని చెప్పినదీ ఆమెయే. ఆమె మతవిశ్వాసి, ఆ సంగతి దాచనక్కరలేదు. కాని విశ్వాసంతో ఆగిపోకుండా మోతాదులు లెక్కకట్టింది. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని చిన్న పుస్తకంగా వేసి, నోటిద్వారా, వేళప్రకారం, మెట్టుమెట్టుగా ఇవ్వండని అన్ని దేశాలకూ చెప్పింది. ఇంజక్షను అక్కరలేదు, ఆసుపత్రి మంచం అక్కరలేదు. నాలుగు గంటలకొక మాత్ర, పడుకోబోయేముందు రెట్టింపు, తోడుగా విరేచనం సాఫీగా అయ్యే మందు. ఇంతే.

ఈ మాత్ర బంగారంతో చేసింది కాదు. కొద్ది రూపాయల వస్తువు. అందుకే దొరకదు. ఈ వాక్యం తలకిందులుగా ఉన్నదని మీకు తోచవచ్చు. మందుల దుకాణంలో వందలాది రూపాయల ఫెంటనిల్ పట్టీ దొరికే నగరాలున్నాయి. అక్కడే పది మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్ర దొరకదు. చవక మందును డాక్టరు బల్లమీద పెట్టి పొగిడేందుకు ఏ కంపెనీ ప్రతినిధీ మోటారుసైకిలెక్కి రాడు.

అంతకన్నా పెద్ద విడ్డూరమున్నది. ఈ మందు ముడిసరుకు ఎక్కడినుంచో రావలసినది కాదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో రైతులు ప్రభుత్వ లైసెన్సుమీద గసగసాల పంట వేసి, కాయకు గాట్లుపెట్టి, కారిన పాలు గీకి సర్కారుకు అప్పగిస్తారు. గాజీపూర్‌లో, నీముచ్‌లో ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. గాజీపూర్ కర్మాగారం 1820 నాటిది. ఈస్టిండియా కంపెనీ ఆ రైతులచేత బలవంతాన పండించి, ఆ నల్లమందును చైనావాళ్ళ గొంతులో పోసింది; వద్దన్నందుకు 1839లో బ్రిటన్ యుద్ధానికి దిగింది. స్వతంత్ర భారతంలో ఆ కర్మాగారం మనదయింది. లైసెన్సుమీద నల్లమందు బంకను పండించి విదేశాలకు అమ్మే దేశంగా మనకు పేరు. మనం పండించిన దానితో పరాయి దేశాల రోగులు నిద్రపోయారు. మా అత్తకు పారాసిటమాల్ దక్కింది. వలసపాలన గురించి మనం ఎన్నో సదస్సులు చేశాం. ఈ ఒక్క పంటమీద ఒక సదస్సు చేసిన గుర్తు నాకు లేదు.

మధ్యలో అడ్డుపడ్డదేమిటి? 1985 నవంబరులో అమలులోకి వచ్చిన మాదకద్రవ్యాల చట్టం. దొంగవ్యాపారాన్ని అరికట్టడానికని తెచ్చారు. దొంగవ్యాపారం ఎంత తగ్గిందో దేశానికంతటికీ తెలుసు. తగ్గినది ఆసుపత్రులలో మార్ఫిన్. ఒక సీసా మార్ఫిన్ తెప్పించుకోవాలంటే నాలుగైదు లైసెన్సులు కావాలి. ఎక్సైజువారొకటి, మందుల నియంత్రణవారొకటి, పంపే రాష్ట్రంవారొకటి, పుచ్చుకునే రాష్ట్రంవారొకటి. అన్నిటికీ గడువు ఒకేసారి చెల్లుబాటులో ఉండాలి. లెక్కలో పొరపాటు వస్తే పదేళ్ళ జైలు కనీస శిక్ష. ఏ డాక్టరు ముట్టుకుంటాడు? 1997 నాటికి దేశం మొత్తంమీద వైద్యానికి వాడిన మార్ఫిన్ ఏడాదికి 18 కిలోలకు పడిపోయింది. చట్టానికి ముందున్న దానిలో తొంభై శాతానికిపైగా పోయినట్టు. పద్దెనిమిది కిలోలు! ఈ ఉపఖండానికంతటికీ ఒక చిన్న గోనెసంచి చాలినది. తల్లి క్యాన్సర్ నొప్పితో విలవిల్లాడుతూ చనిపోవడం చూసిన ఒక కొడుకు 1998లో ఢిల్లీ హైకోర్టుకు పోవలసి వచ్చింది. నియమాలు సడలించమని అదే సంవత్సరం కేంద్రం రాష్ట్రాలకు రాసింది. రాసిన కాగితం రాష్ట్రాలలో పడుకున్నది.

చివరకు 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. మార్ఫిన్‌తో సహా ఆరు మందులను అత్యవసర మాదక ఔషధాలుగా విడదీసింది. గుర్తింపు పొందిన వైద్యసంస్థ అయితే చాలు, రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి ఒక్కటే చాలునని 2015లో నియమాలు వచ్చాయి. ఇది విజయం, కాదనను. దీనికోసం ఏళ్ళతరబడి కేరళ డాక్టరు రాజగోపాల్‌వంటివారు పోరాడారు. కాని చట్టం మారినంతమాత్రాన డాక్టరు చేయి మారదు. ఆ భయం నీడన చదువుకుని వచ్చిన ఒక తరం వైద్యులు మార్ఫిన్ చీటీ ఒక్కసారయినా రాయకుండా రిటైరయ్యారు. మా అత్త మంచాన పడ్డది ఆ సవరణ వచ్చిన అయిదేళ్ళ తరువాత.

లెక్కలు ఇంకా కావాలన్నవారికి 2017లో లాన్సెట్ పత్రిక నియమించిన సంఘం నివేదిక ఉన్నది. ప్రపంచంలో ఏడాదికి పంపిణీ అయ్యే 298.5 టన్నుల ఈ జాతి మందులలో అతి బీద దేశాలకు చేరేది 0.1 టన్ను. నొప్పితో బాధపడుతూ మందు అవసరమైన రోగి తలకు అమెరికాలో 55,000 మిల్లీగ్రాములు, కెనడాలో 68,000, భారతదేశంలో 43. నలభైమూడువేలు కాదు, నలభైమూడు. అవసరంలో నాలుగు శాతం. భూమి పంపకం గురించి, ధాన్యం పంపకం గురించి మాట్లాడే మనం ఈ పంపకం గురించి ఎందుకు మాట్లాడలేదు? నొప్పి వ్యక్తిగతమన్న బూర్జువా భావన మనలో కూడా ఎంత లోతుగా దిగిందో దీనినిబట్టి తెలుసుకోవచ్చును.

అభ్యంతరాలు నాకు తెలుసు. వ్యసనమవుతుందంటారు. రేపో మాపో పోయే మనిషికి వ్యసనమేమిటన్న ఎదురుప్రశ్న నేను వేయను. అది క్రూరమైన హాస్యం, పైగా ఈ మందుతో నెలలు, సంవత్సరాలు బతికేవారు కూడా ఉన్నారు. నొప్పికి తగ్గ మోతాదుతో, కనిపెట్టుకుని ఉంటూ ఇచ్చిన క్యాన్సర్ రోగులలో వ్యసనం అరుదు. ఊపిరి ఆగిపోతుందంటారు. కొద్దిగా మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచితే ఆగదు. ఆ పెంచడమే నేర్చుకోవలసిన విద్య. అమెరికాను చూపిస్తారు. చూడండి, తప్పకుండా చూడండి. అక్కడ 1996లో ఒక కంపెనీ తన మాత్రను నడుంనొప్పికీ పంటినొప్పికీ కూడా ఎగబడి అమ్మించి, వ్యసనం భయం తక్కువని అబద్ధమాడి, 2007లో కోర్టులో నేరం ఒప్పుకున్నది. లక్షలమంది చచ్చారు. అక్కడ లాభంకోసం అవసరంలేనివాడి నోట్లో పోశారు, ఇక్కడ లాభంలేదని అవసరమున్నవాడి నోటికి అందనివ్వలేదు. ఒకే జబ్బుకు ఇవి రెండు లక్షణాలు. (చూశారా, నేను కూడా ఉపమానంలో పడ్డాను.)

మనవాళ్ళ అభ్యంతరం వేరు. ఇది సంస్కరణవాదమంటారు. పొగాకు కంపెనీలతో పోరాడాలి, జీడి కార్ఖానా పరిస్థితులతో పోరాడాలి, ప్రభుత్వ ఆసుపత్రులకోసం పోరాడాలి. చావబోయేవారికి మత్తు ఇవ్వడం పోరాటమా అంటారు. మార్క్స్ మతాన్ని నల్లమందుతో పోల్చిన మాటను ఇక్కడ ఎవరో ఒకరు తప్పక తెస్తారు. ఆ మాట రాసిన 1844 ప్రాంతంలో యూరపులో నల్లమందు ఇంటింటా ఉండే నొప్పిమందు. దానికి ముందువెనుకల వాక్యాలు చదివినవారికి అది కేవలం తిట్టు కాదని తెలుసు. పీడితుని నిట్టూర్పుగా కూడా అతడు మతాన్ని గుర్తించాడు. అందులో అతడడిగినది నొప్పికి కారణమైన లోకాన్ని మార్చమనే గాని, నొప్పితో అరిచేవాడి చేతిలోంచి మందు లాక్కోమని కాదు. అన్నట్టు "కాపిటల్" రాస్తున్న రోజులలో మార్క్స్ ఒళ్ళంతా రాచకురుపులు లేచి కూర్చోలేక నిలబడి రాశాడు. ఆ కురుపులగురించి ఎంగెల్స్‌కు రాసిన ఉత్తరాలలో అతడు వాటిని గురువులని పొగడలేదు, తిట్టాడు.

ఇంకొక ప్రశ్న: మనం పోరాడి సాధించుకున్న ఆరోగ్య పథకాలు ఏ రోగిని దృష్టిలో పెట్టుకుని అల్లారు? 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చింది, ఎందరినో బతికించింది. కాని దాని పునాది ఆసుపత్రిలో చేసే ఆపరేషన్, ఎక్కించే మందు, పెట్టే కరెంటు. ఇంటిదగ్గర మంచంలో ఉన్న మనిషి పుండు కడగడానికి నడిచివచ్చే నర్సు ఏ ప్యాకేజీలో ఇముడుతుంది? కార్పొరేటు ఆసుపత్రికి రోగి ఆదాయమయినంతకాలం చేసేది ఉంటుంది. ఆదాయం ఆగిన మరుక్షణం "చేసేదేమీ లేదు".

చేసేది ఉన్నదని కోళికోడులో 1993లో ఒక చిన్న సంఘం చూపించింది. అది పెరిగి, 2000 తరువాత మలప్పురం జిల్లాలో ఊరూరా పొరుగువారి అల్లిక అయింది. ఆటో తోలేవాడు, బడిపంతులు, కాలేజీ విద్యార్థి, కూలి. వారానికి కొన్ని గంటలు ఇచ్చి, కొంత శిక్షణ పొంది, నర్సుతోపాటు ఇంటింటికీ పోయి మంచానపడ్డవారిని చూసుకున్నారు. పైసాపైసా పోగుచేసుకున్నారు. 2008లో కేరళ ప్రభుత్వం దానిని విధానంగా ప్రకటించి పంచాయతీలకు అప్పగించింది. వామపక్ష విద్యార్థులున్న ఏ కాలేజీకయినా ఇంతకన్న మంచి పాఠం నాకు తెలియదు. మన హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి, ఉపశమన చికిత్సా విభాగం చాలా ఏళ్ళుగా ఉచితంగా మార్ఫిన్ ఇస్తున్నది; తెలంగాణలో చేవెళ్ళనుంచి మొదలుపెట్టి "ఆలన" పేరుతో ఇళ్ళకు పోయే బండ్లు నడిపారు. పేరు చక్కనిది. ఈ పనులను గురించి మన పత్రికలో ఒక్క వ్యాసమూ రాలేదు. అందులో నా తప్పు కూడా ఉన్నది.

మిత్రుడు తన ఉపన్యాసంలో టాల్‌స్టాయ్‌ని కూడా తలచాడు. 1886లో వచ్చిన "ఇవాన్ ఇల్యీచ్ మరణం" నొప్పినుంచి పుట్టిన జ్ఞానానికి పరాకాష్ఠ అన్నాడు. ఆ నవలికను నేను ఏటా పిల్లలకు చెబుతాను. అందులో ఇవాన్ ఇల్యీచ్ మూడురోజులు ఆపకుండా అరుస్తాడు. నల్లమందు, మార్ఫిన్ ఇచ్చారు, పని చేయలేదు. ఆనాటి వైద్యానికి వాటిని ఎలా ఇవ్వాలో తెలియదు. మరి అతనికి సుఖమిచ్చినది ఎవరు? గెరాసిమ్ అనే పల్లెటూరి నౌకరు. రాత్రంతా యజమాని కాళ్ళు తన భుజాలమీద ఎత్తి పట్టుకుని కూర్చుంటాడు. పాత్ర శుభ్రం చేస్తాడు. నీవు చావడంలేదని అబద్ధం చెప్పడు. కథలో నొప్పిని పూజించనివాడు అతనొక్కడే. మన విమర్శకులకు ఇవాన్ ఇల్యీచ్ కనిపిస్తాడు, అతని జ్ఞానోదయం కనిపిస్తుంది. కాళ్ళు మోసిన రైతు బిడ్డ కనిపించడు. వర్గదృష్టి అంటే ఏమిటో నాకు మళ్ళీ చెప్పండి.

మందు వద్దనే హక్కు మాస్టారుకు లేదా అని అడుగుతారు. ఉన్నది. మందు తలగడకింద ఉన్నవాడికి వద్దనే హక్కు ఉన్నది. నూటికి తొంభైఆరు పాళ్ళు దొరకని దేశంలో, దొరికినదాన్ని కాదన్న ఒక్కడిని వీరుణ్ణి చేసి కథ రాస్తే, దొరకనివాళ్ళ కేకలు ఆ కథలో సంగీతం అయిపోతాయి. ఉపవాసంమీద కవిత్వం కరువునాడు రాయకూడదని మనవాళ్ళకు చెప్పవలసి వస్తుందనుకోలేదు.

మా అత్త సంగతి సగంలో వదిలాను. పన్నెండోరోజున మా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే సహోద్యోగి ఒకామె, తన తండ్రికి మందు తెచ్చుకున్న చోటు చెప్పింది. మా ఊరికి దాదాపు రెండువందల కిలోమీటర్లు. కాగితాలు తీసుకుని బావా నేనూ పోయాము. అక్కడి డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి గంటసేపు చెప్పింది. మాత్ర నలిపి నీళ్ళలో కలిపి ఎలా పట్టాలో, వాంతి వస్తే ఏమిటో, పురుగులు బయటికి రావడానికి టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డ ఎలా పెట్టాలో, మెట్రోనిడజోల్ మాత్ర పొడిచేసి పుండుమీద చల్లితే వాసన ఎలా పోతుందో. రెండోరోజుకు వాసన తగ్గింది. మూడోరోజుకు కోడలు తిరిగి వచ్చింది. మొదటి రాత్రి మాత్ర పట్టిన గంటకు అత్త నిద్రపోయింది. మేం భయపడి ముక్కుదగ్గర వేలుపెట్టి చూశాం.

తరువాత ఆమె నలభైరెండు రోజులు బతికింది. చెంచాతో చోడంబలి తాగేది. మనవరాలి జడ అల్లేది. నొప్పి ఉన్నన్నాళ్ళూ ఆమెకు పాపం తప్ప మరొకటి గుర్తులేదు. నొప్పి తగ్గిన నాలుగోరోజున కొడుకును దగ్గరకు పిలిచి, వేళ్ళు చూపించి లెక్కపెడుతూ, జీడి షావుకారు తనకు మంచంపట్టక ముందటి పదిహేను రోజుల కూలి బాకీ ఉన్నాడని చెప్పింది. మా బావకు ఆ సంగతి తెలియదు. మర్నాడు పొద్దున్నే పోయి అడిగాడు. షావుకారు పుస్తకం తీసి, అటూఇటూ తిప్పి, పదకొండు రోజులకే లెక్కకట్టి ఇచ్చాడు. డబ్బు చేతిలో పెడితే ఎంచి చూసుకుని, మిగిలిన నాలుగు రోజులకూ మళ్ళీ పొమ్మని అత్త చెయ్యి ఊపింది.